మిషనక్క మీద తొమ్మిదేళ్ల వారెంటు

కుట్టు మిషన్లు బాగుచేసే మనిషి అనగానే జనం మగవాణ్ణి ఊహించుకుంటారు. దుకాణం గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, "మెకానిక్ లేడాండీ?" అని అడుగుతారు. లోపల బల్ల వెనక యాభై ఆరేళ్ల మనిషి ఒకావిడ, కళ్లజోడు ముక్కు చివరికి జారిపోయి, మోచేతుల దాకా నూనె మరకలతో, పెదాల మధ్య రెండు మరలు కరిచిపట్టుకుని కూర్చుని ఉంటుంది. ఆ మరలు అరచేతిలోకి తీసుకుని, "లేడు. ఉంది," అంటుంది. ఆవిడే మిషనక్క. అసలు పేరు కాగితాల్లో ఉంది గానీ, దానితో ఎవరికీ పనిపడలేదు.

ఆ దుకాణం వెడల్పు రెండు మంచాలంత. గోడ పొడుగునా పాత జాం సీసాల్లో మరలు, బాబిన్లు, సూదులు. ఒక మూల రేకు డబ్బాలు, వాటి నిండా వారంటీ కార్డులు. మిషను కొన్నవాళ్లు కార్డు ఎలాగూ పారేసుకుంటారు కాబట్టి ఆవిడే తన దగ్గర దాచిపెట్టి, ఏడాది వారీగా సర్ది, గడువు దాటిన వాటి మీద "గడువు తీరినది" అని రబ్బరు ముద్ర గుద్దుతుంది. ఆ గుద్దడంలో ఆవిడకి ఎంత తృప్తో! వారానికోసారి కూర్చుని టపటపా గుద్దుతుంటే పక్క దుకాణాల వాళ్లకి గోడలు అదురుతాయి.

ఇలాంటి మనిషికి పోయిన నెలలో ఒక ఉత్తరం వచ్చింది. ఊళ్లో కొత్తగా పెట్టిన మహిళా శిక్షణ కేంద్రంలో కుట్టు మిషన్ల మరమ్మతు నేర్పించడానికి ఆవిడని టీచరుగా తీసుకుంటామని. ఎనిమిదో తరగతితో బడి మానేసిన మనిషికి టీచరు ఉద్యోగం! ఆ ఉత్తరాన్ని ఆవిడ ఎన్నిసార్లు చదివిందంటే, మడతల దగ్గర చిరిగితే వెనకాల టేపు వేసింది. చిన్నప్పుడు గోడ మీద బొగ్గుతో రాసి, గోనెసంచుల్ని వరుసగా కూర్చోబెట్టి పాఠాలు చెప్పిన మనిషి. ఆ కోరిక నలభై ఏళ్లుగా లోపల అలాగే ఉండిపోయింది. పైకి అంటే నవ్వుతారని అనలేదు, అంతే.

ఉత్తరం కింద ఒక షరతు ఉంది. మీ మీద ఏ కేసులూ లేవని పోలీసువారి ధ్రువపత్రం గురువారం సాయంత్రం ఐదింటిలోగా తెచ్చివ్వాలి, లేకపోతే జాబితాలో తర్వాతి వారిని పిలుస్తాం. మిషనక్క హాయిగా నవ్వుకుంది. తన మీద కేసేమిటి? పక్కింటి పిల్లిని కూడా ఏనాడూ అదిలించిన మనిషి కాదు. అర్జీ పెట్టి ఊరుకుంది.

బుధవారం పొద్దున, ఒక మొండి మిషను పొట్టలో చెయ్యి పెట్టి ఉండగా ఫోను మోగింది.

"అమ్మా, స్టేషన్ నుంచి. మీ అర్జీ చూశాం. మీ పేరు మీద వారెంటు పెండింగులో ఉందమ్మా."

"నా దగ్గర వారంటీలేవీ పెండింగు ఉండవు నాయనా. ఏదైనా ఆరు నెలలే," అంది మిషనక్క.

"ఆరు నెలలు కాదమ్మా, తొమ్మిదేళ్ల కిందటిది."

"తొమ్మిదేళ్లా! అయితే ఎప్పుడో గడువు తీరిపోయి ఉంటుంది. ఏ కంపెనీది?"

అవతల కానిస్టేబులు దగ్గాడు. "కంపెనీ ఏంటమ్మా, కోర్టుది. దీనికి గడువంటూ ఉండదు. తీర్చుకునేదాకా ఉంటుంది."

"లైఫ్ టైమా? ఈ రోజుల్లో ఎవరిస్తున్నారు నాయనా అలాంటిది! సరే, పట్టుకురండి, చూద్దాం."

"మేం పట్టుకురావడం కాదమ్మా, పట్టుకోవలసింది మిమ్మల్నే!"

అప్పుడు గానీ మిషను పొట్టలోంచి చెయ్యి బయటికి రాలేదు. వారంటీ కాదు, వారెంటు. పోలీసులు పట్టుకుపోయే వారెంటు. కానిస్టేబులు పాపం మంచివాడు, నెమ్మదిగా విడమరిచి చెప్పాడు. ఎప్పుడో స్కూటరు మీద వెళ్తూ ట్రాఫిక్ కెమెరాకి దొరికారు, చలానా కట్టలేదు, కోర్టు పిలిస్తే రాలేదు, వారెంటు పుట్టింది. రేపు మీ అంతట మీరే కోర్టుకొచ్చి నిలబడితే మంచిది, అది తీరేదాకా ధ్రువపత్రం రాదు.

మిషనక్క కుర్చీలోంచి లేవబోయి మళ్లీ కూలబడింది. రేపే గురువారం.

ఆవిడ భర్త ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తాడు. మూడొందల మందికి గంజి కాచే మనిషి కాబట్టి ఏ పనికైనా ముందుగానే సరంజామా సిద్ధం చేసుకోవడం ఆయన అలవాటు. మధ్యాహ్నం ఇంటికొచ్చి సంగతి వినగానే అటక మీది సంచి దించి సర్దడం మొదలుపెట్టాడు. రెండు దుప్పట్లు, సబ్బు, తువ్వాలు, మోకాళ్ల నొప్పుల మందు.

"ఏం చేస్తున్నారండీ?"

"జైల్లో నేల చల్లగా ఉంటుందే. శిక్షణకి వెళ్తావనుకుంటే శిక్షకి వెళ్తున్నావు, నేనేం చెయ్యను!" అని కళ్లొత్తుకున్నాడు.

ఆ మాటకి మిషనక్కకి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. నవ్వే గెలిచింది. చిన్నప్పట్నుంచీ ఆవిడతో ఉన్న చిక్కు అదే, భయం వేస్తే నవ్వొస్తుంది.

కోర్టు కాగితం తనకి అందలేదని ప్రమాణం చేద్దామనుకుంది గానీ, మనసులో ఏదో పీకింది. ఇద్దరూ దుకాణానికి వెళ్లి తొమ్మిదేళ్ల నాటి డబ్బా దించారు. ఒక్కొక్క కార్డూ తీస్తుంటే నడిమధ్యన, శుభ్రంగా నాలుగు మడతలు పెట్టి, కోర్టు కాగితం. దాని నెత్తిన పెద్ద అక్షరాలతో "వారెంటు" అని ఉన్నదాన్ని ఎవరో నీలం కలంతో కొట్టేసి, పైన "వారంటీ" అని దిద్దారు. కంపెనీ వాళ్లు అక్షరం తప్పు రాశారని జాలిపడి దిద్దిన ఆ ఎవరో ఈవిడే. దిద్ది ఊరుకుందా, ఆరు నెలలు గడిచాక దాని మీద ముద్ర కూడా గుద్దింది. గడువు తీరినది.

"కోర్టు కాగితం మీద ముద్ర గుద్దావా?" అన్నాడు ఆయన.

"చేతులకి నూనె ఉందండీ, కళ్లజోడు లేదు, పైన ఒక్క ముక్కే చదివాను," అంది ఈవిడ.

ఈసారి కింద చిన్న అక్షరాలు కూడా చదివారు. నేరం: వెనుక సీటుపై కూర్చున్న వృద్ధురాలికి హెల్మెట్ లేకపోవుట. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మిషనక్క తన స్కూటరు మీద ఏనాడూ ఎవర్నీ ఎక్కించుకోలేదు. వెనక సీటు పనిముట్ల పెట్టెది.

"వృద్ధురాలంటే... మా అమ్మేమోనే," అన్నాడాయన.

"మీ అమ్మగారు పోయి అప్పటికి రెండేళ్లండీ."

ఆయన మొహం పాలిపోయింది. ఆ రోజంతా తల్లి ఫొటో వైపు అనుమానంగా చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు పనిముట్ల పెట్టె దించేసి, స్కూటరు మీద కోర్టుకి వెళ్లారు, ఇద్దరూ హెల్మెట్లు పెట్టుకుని, మధ్యలో జైలు సంచితో. పొద్దున పదింటి నుంచి వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. హెల్మెట్ తియ్యాలంటే భయమేసి మిషనక్క పదకొండు దాకా దాన్ని తల మీదే ఉంచుకుంది. పిలుపులు వస్తున్నాయి, జనం లోపలికీ బయటికీ తిరుగుతున్నారు, గోడ గడియారం మాత్రం ఒక్క అడుగు కూడా ఆగకుండా సాగుతోంది. పన్నెండు. ఒకటి. భోజనాల విరామం. రెండున్నర. ఐదింటికి శిక్షణ కేంద్రం తలుపు మూస్తే జాబితాలో తర్వాతి ఆవిడ టీచరైపోతుంది. ఆవిడెవరో ఏమిటో తెలియకపోయినా మిషనక్కకి ఆవిడ మీద చెప్పలేనంత అసూయ పుట్టింది.

మూడింటికి పిలిచారు.

లోపల ఎత్తైన బల్ల వెనక న్యాయమూర్తి గారు, కింద టైపు కొట్టే ఆవిడ, ఒక పక్క జలుబు చేసి ముక్కు తుడుచుకుంటున్న ప్రభుత్వ వకీలు, గోడ దగ్గర నిన్న ఫోను చేసిన కానిస్టేబులు. న్యాయమూర్తి గారు ఫైలు తిప్పి, మిషనక్క ఇచ్చిన కాగితం చూశారు. దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశారు.

"వారెంటుని వారంటీ అని దిద్దిందెవరు?"

"నేనేనండీ."

"ఈ ముద్ర?"

"అదీ నేనేనండీ."

"నా ఇరవై రెండేళ్ల సర్వీసులో కోర్టు వారెంటుకి గడువు తీరిందని ముద్ర వేసిన మనిషిని చూడలేదమ్మా," అన్నారాయన. కోపమో ఏమో మొహంలో తెలియలేదు. "సరే, ఆ వెనక కూర్చున్న ముసలావిడ ఎవరు? ఇదిగో ఫొటో."

కానిస్టేబులు ఫొటో తెచ్చి చేతిలో పెట్టాడు. వానలో స్కూటరు, వెనక నుంచి తీసింది. ముందు మిషనక్క వీపు. వెనక సీటు మీద కొప్పు ఒక్కటీ బయటికి ఉంచి ఒళ్లంతా శాలువా కప్పుకుని, గూనిగా కూర్చున్న పొట్టి ముసలమ్మ.

మిషనక్క చూసింది. రెండు క్షణాలు చూసింది. అంతే, లోపల్నుంచి నవ్వు తన్నుకొచ్చింది. పెదాలు బిగించింది, ముక్కులోంచి వచ్చింది. చేత్తో మూసుకుంది, భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.

"అమ్మా, ఇది కోర్టు," అన్నారు న్యాయమూర్తి గారు.

"తెలుసండీ... క్షమించండి... అది... అది తలండీ!"

"ఎవరి తల?"

"టైలరు గారిదండీ. ఆయన ఇంట్లోనే మరలు విప్పేసి, తల ఒక్కటీ ఊడదీసి పట్టుకొచ్చాను."

టైపు చప్పుడు ఆగిపోయింది. వకీలు ముక్కు దగ్గరి చేతిరుమాలు అక్కడే ఉండిపోయింది.

న్యాయమూర్తి గారు నెమ్మదిగా అడిగారు. "మరి మిగతా శరీరం?"

"ఒళ్లంతా వాళ్లింట్లోనే ఉందండీ. అంత బరువు నేనొక్కదాన్నీ ఎక్కడ మొయ్యను? కాళ్లు ఎలాగూ తుప్పు పట్టాయి. తల మాత్రం తెచ్చుకుంటే దుకాణంలో తాపీగా విప్పుకోవచ్చని, వాన పడుతోంది కదా, శాలువాలో చుట్టి తాడుతో కట్టాను."

కానిస్టేబులు తలుపుకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. వెనక బెంచీ మీద ఆవిడ భర్త సంచి గుండెకి హత్తుకుని, "కుట్టు మిషను అని చెప్పవే! ముందు కుట్టు మిషను అని చెప్పు!" అని కోర్టు అదిరేలా అరిచాడు.

అప్పుడు అర్థమైంది మిషనక్కకి తను ఏమందో. పాతికేళ్లుగా ఆవిడ వృత్తిలో మిషనుకి పైభాగం తల, కింది బల్ల ఒళ్లు, ఇనప స్టాండు కాళ్లు. అవి తప్ప ఇంకో పేర్లున్నాయని కూడా ఆవిడకి గుర్తులేదు. గబగబా అంతా వివరించింది. టైపు ఆవిడ ముందు నవ్వింది, తర్వాత కానిస్టేబులు, ఆఖరికి న్యాయమూర్తి గారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఫైలు చాలాసేపు ఊగింది.

వకీలు మాత్రం నవ్వలేదు. జలుబు మనిషికి నవ్వు కష్టం. "కుట్టు మిషను అని ఎవరైనా చెప్పొచ్చు సార్. ఫొటోలో స్పష్టంగా కొప్పు కనిపిస్తోంది, కొప్పులో వెండి పిన్ను కూడా మెరుస్తోంది," అన్నాడు.

మిషనక్క నవ్వు ఠక్కున ఆగింది. గడియారం మూడూ ఇరవై. ఈ మనిషి గనక వాయిదా అడిగితే అంతా అయిపోయినట్టే. భయం వేసింది, కానీ ఈసారి నవ్వు రాలేదు, కోపం వచ్చింది. మిషనుని మనిషి అంటే ఆవిడ ఊరుకోలేదు.

"కాళ్లేవండీ మీ ముసలమ్మకి?" అంది.

అందరూ ఫొటో మీదికి వంగారు. వెనక కాళ్లు పెట్టుకునే కమ్మీలు రెండూ మడిచే ఉన్నాయి. తొమ్మిదేళ్లుగా ఆ ఫొటో ఎన్ని బల్లలు తిరిగిందో, ముసలమ్మకి కాళ్లు లేవన్న సంగతి ఒక్కరూ చూడలేదు.

"బాసింపట్టు వేసుకుని ఉండొచ్చు సార్," అన్నాడు వకీలు, గొంతు తగ్గించి.

"వానలో, పరిగెత్తే స్కూటరు మీదా?" అన్నారు న్యాయమూర్తి గారు.

"ఒక పెన్సిలు ఇప్పించండి సార్," అంది మిషనక్క. టైపు ఆవిడ ఇచ్చింది. మిషనక్క ఒక తెల్ల కాగితం మీద చకచకా మిషను తల గీసింది. "ఇదిగో, మీరు కొప్పు అంటున్నది చేత్తో తిప్పే చక్రం. వెనక్కి పెట్టి కట్టాను కాబట్టి ఫొటోకి అదే అందింది. చక్రం నడుమ ఈ మెరిసేది పిన్ను కాదు, మర. బాబిన్ కి దారం చుట్టేటప్పుడు దీన్ని వదులు చేస్తాం, అప్పుడు చక్రం తిరుగుతుంది గానీ సూది ఆడదు. ఎందుకు ఆడకూడదో చెప్పండి?"

కానిస్టేబులు వకీలు వైపు చూశాడు. న్యాయమూర్తి గారే, కొంచెం తడుముకుంటూ, "ఊరికే కుట్టినట్టవుతుందని?" అన్నారు.

"సరిగ్గా చెప్పారు," అంది మిషనక్క, ఎదురుగా ఉన్నది ఎవరో మరిచిపోయి. "ఇది మెడ. గూని అనుకున్నది ఇదే. ఇది సూది కడ్డీ. దగ్గరికి రండి, అంత దూరం నుంచి ఏం కనిపిస్తుంది?"

వచ్చారు. కానిస్టేబులు వచ్చాడు, టైపు ఆవిడ కుర్చీ జరుపుకుంది. న్యాయమూర్తి గారు బల్ల మీద నుంచి ముందుకు వంగారు. వకీలు చివరికి ముక్కు తుడుచుకుని, "మా అమ్మ మిషను మధ్య మధ్య కుట్టు వదిలేస్తోందండీ, ఎందుకంటారు?" అని అడిగాడు.

"సూది తిరగేసి పెట్టారు. సూదికి ఒక పక్క పొడుగ్గా సన్నటి గాడి ఉంటుంది. దారం ఎప్పుడూ గాడి ఉన్న పక్క నుంచే ఎక్కాలి. ఏ పక్క నుంచి?" అని కానిస్టేబులు వైపు తిరిగింది.

"వెనక నుంచండీ."

"వెనకా ముందూ కాదు. మళ్లీ చెప్పండి."

"గాడి ఉన్న పక్క నుంచండీ."

"ఆఁ. అదీ."

చాలాసేపటికి న్యాయమూర్తి గారు వెనక్కి వాలి, గొంతు సవరించుకున్నారు. కాగితం చదవకుండా ముద్ర వెయ్యడం తప్పని, మళ్లీ ఇలా చేస్తే ఊరుకోనని గట్టిగా మందలించారు. మిషనక్క తల వంచుకుని విన్నది. అది పూర్తిగా తన తప్పే, సిగ్గుపడింది కూడా. తర్వాత ఆయన తీర్పు చెబుతుంటే టైపు ఆవిడ టకటకా కొట్టింది. కేసు కొట్టేశారు. వారెంటు రద్దు.

అక్కణ్ణుంచి అంతా పరుగే. ఉత్తర్వు మీద సంతకం, సీలు, నాలుగూ పది. కానిస్టేబులు తనే ముందు నడిచి స్టేషన్లో ధ్రువపత్రం రాయించాడు, నాలుగున్నర దాటింది. స్కూటరు మీద మిషనక్క ప్రతి ఎర్రదీపం దగ్గరా గీతకి మూరెడు దూరంలో ఆగింది. వెనకాల భర్త, "పోనీవే, పోనీ!" అంటుంటే, "ఇంకో తొమ్మిదేళ్లు నా వల్ల కాదండీ," అంది. శిక్షణ కేంద్రం మెట్లు ఎక్కేసరికి ఐదుకి ఆరు నిమిషాలు తక్కువ.

లోపల కార్యదర్శి గారు, కళ్లజోడుకి గొలుసు కట్టుకున్న పెద్దావిడ, బీరువాకి తాళం వేస్తున్నారు. ధ్రువపత్రం చూసి, సరే అని, ఒక ఫారం తీసి ముందుకు జరిపారు. మిషనక్క పేరు రాసింది, ఊరు రాసింది, వయసు రాసింది. తర్వాతి గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. బోధనానుభవం.

"ఇది ఖాళీగా ఉంటే కుదరదండీ," అన్నారు కార్యదర్శి గారు. కఠినంగా అనలేదు, ఉన్నమాట చెప్పారు. "ఎక్కడైనా, కొంచెమైనా, ఎవరికైనా చెప్పి ఉండాలి. పై వాళ్లు అడుగుతారు."

మిషనక్క ఆ గడి వైపే చూసింది. ఎనిమిదో తరగతి, నూనె చేతులు, పాతికేళ్లుగా ఒంటరిగా ఒక బల్ల. ఇంత దూరం పరిగెత్తుకొచ్చింది ఈ గడి కోసమా? గడియారంలో ఇంకా మూడు నిమిషాలున్నాయి.

ఆవిడ పెన్ను గట్టిగా పట్టుకుని రాసింది. కార్యదర్శి గారు ఫారం తిప్పుకుని పైకే చదివారు. "ఒక పూట. కోర్టు. విద్యార్థులు నలుగురు: న్యాయమూర్తి గారు, వకీలు గారు, కానిస్టేబులు గారు, టైపు చేసే ఆవిడ." చదివి, కళ్లజోడు మీంచి చూశారు. "ఇదెప్పుడండీ?"

"ఇవాళేనండీ. ఇందాక."

"దీనికి ఆధారం ఏమన్నా ఉందా?"

మిషనక్క ఉత్తర్వు తీసి బల్ల మీద పెట్టింది. అందులో ఏముందో తనూ ఇంతవరకూ పూర్తిగా చదవలేదు. కార్యదర్శి గారు వేలు పెట్టి ఒక్కొక్క వరుసా చదువుకుంటూ వచ్చి, ఒక చోట ఆగారు. "ముద్దాయి కుట్టు మిషను తల నిర్మాణమును కోర్టువారికి సవివరముగా బోధించినందున, వెనుక సీటుపై నున్నది మనిషి కాదని రూఢి అయినది."

బోధించినందున. ఆ మాటని ఆవిడ రెండుసార్లు చదివారు. చదివి, ఫారం మీద సంతకం పెట్టి, తారీఖు వేసి, సొరుగులో పెట్టారు. అప్పుడు బయట ఎక్కడో ఐదు గంటలు కొట్టింది.

"సోమవారం తొమ్మిదింటికి రండి, టీచరు గారూ."

మిషనక్క కదల్లేదు. "ఏమన్నారండీ?"

"సోమవారం తొమ్మిదింటికి అన్నాను."

"అది కాదండీ. ఆ చివర్న."

కార్యదర్శి గారికి ముందు అర్థం కాలేదు, తర్వాత అర్థమైంది. కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుని, నెమ్మదిగా, స్పష్టంగా, "టీచరు గారూ అన్నాను," అన్నారు. మిషనక్కకి ఒళ్లంతా తేలిపోతున్నట్టయింది, కళ్ల వెంట నీళ్లు జారాయి, నవ్వు కూడా ఆగలేదు. భర్త సంచిలోంచి తువ్వాలు తీసి ఆవిడ చేతికిచ్చాడు.